ఇంట్లో మూలికల సబ్బు: మొదటిసారి చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మా మేడమీద గదిలో కొన్నేళ్లుగా ఇంటికి సరిపడా సబ్బులు నేనే చేసుకుంటున్నాను. చుట్టాలు, ఇరుగుపొరుగు, వాళ్ల స్నేహితులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ముందు మొత్తం చదివి, ఆ తర్వాతే సామాను కొనండి.

కాస్టిక్ సోడా లేకుండా సబ్బు చేయలేమా?

చేయలేం. నూనెను సబ్బుగా మార్చేది కాస్టిక్ సోడానే. ఈ రెండూ కలిసినప్పుడు నూనె నూనెగా ఉండదు, సోడా సోడాగా ఉండదు. సబ్బు, గ్లిజరిన్ అనే రెండు కొత్త పదార్థాలు తయారవుతాయి. సరిగ్గా తూచి చేసి, మాగనిచ్చిన సబ్బులో సోడా మిగలదు. అందుకే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు వేపాకో పసుపో అనుకోకండి, తూకం మిషనే ముఖ్యం.

బజారులో దొరికే సోప్ బేస్‌ను కరిగించి, పొడి కలిపి అచ్చుల్లో పోయడం తేలికే, పిల్లలు కూడా చేయగలరు. కానీ ఆ బేస్‌ను కూడా ఎక్కడో ఫ్యాక్టరీలో ఇలాంటి క్షారంతోనే చేసి ఉంటారు. సోడా పేరు వింటేనే టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సున్నిపిండి కలుపుకోండి, తలకు కుంకుడుకాయలు, సీకాయ వాడండి. వాటిలో నురుగు ఇచ్చే సాపోనిన్లు చెట్టులోనే పుడతాయి, సోడాతో పని లేదు. "అక్కా, సున్నిపిండి కంటే నీ సబ్బు మంచిదా?" అని మా పక్కింటి అమ్మాయి అడిగింది. రోజూ పిండి కలుపుకునే తీరిక ఉంటే సున్నిపిండి మానొద్దనే చెప్పాను.

కొట్లో 'సోడా' అని అడిగితే ఏదో ఇచ్చారు. అదేనా?

అది కాకపోవచ్చు. వంటసోడా వేరు, బట్టల సోడా వేరు, కాస్టిక్ సోడా వేరు. మొదటిసారి నాకూ ఇదే జరిగింది. కొట్టతను కాగితం పొట్లంలో తెల్లపొడి కట్టిచ్చాడు. నీళ్లలో వేస్తే గిన్నె పెద్దగా వేడెక్కలేదు. తెలియక నూనెలో కలిపి రెండు గంటలు తిప్పాను. నూనె పైన, నీళ్లు కింద అలాగే ఉండిపోయాయి. అర కిలో నూనె పాడైంది.

కాస్టిక్ సోడా రేకుల్లాగానో, సాబుదానా లాంటి చిన్న గుండ్లలాగానో ఉంటుంది. నీళ్లలో పడగానే గిన్నె చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మూత తీసిపెడితే కాసేపటికే గాలిలో తేమ లాగి చెమ్మగిల్లుతుంది. కెమికల్స్ అమ్మే షాపులో, డబ్బా మీద సోడియం హైడ్రాక్సైడ్ అనే పేరు, స్వచ్ఛత శాతం రాసి ఉన్నదే తీసుకోండి. డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే పొడిలో ఇంకేవేవో కలుపుతారు, అది సబ్బుకు పనికిరాదు.

ఏ నూనెకు ఎంత సోడా?

ప్రతి నూనెకూ ఒక లెక్క ఉంది. 100 గ్రాముల నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారుగా కావలసిన సోడా ఇది: కొబ్బరినూనెకు 18.3 గ్రాములు, పామాయిల్‌కు 14.2, వేపనూనెకు 13.9, వేరుశనగనూనెకు 13.7, నువ్వులనూనెకు 13.4, ఆముదానికి 12.8. కొబ్బరినూనెకూ ఆముదానికీ ఎంత తేడా ఉందో చూడండి. ఇంట్లో ఒక నూనె అయిపోయిందని దాని బదులు ఇంకోటి అంతే పోస్తే సోడా మిగిలి చర్మం మండుతుంది, లేదా నూనె మిగిలి సబ్బు జిడ్డుగా తయారవుతుంది. నూనె మారిస్తే లెక్క మళ్లీ వేయాల్సిందే.

నేను మొదటిసారి చేసేవాళ్లకు ఇచ్చే కొలత ఇది. కొబ్బరినూనె 250 గ్రాములు, పామాయిల్ 125, గానుగ వేరుశనగనూనె 75, ఆముదం 50. మొత్తం అర కిలో. లెక్క వేస్తే సోడా 80 గ్రాములకు కాస్త ఎక్కువ వస్తుంది. అందులో 5 శాతం తగ్గిస్తాం. అలా తగ్గించినందువల్ల కొంచెం నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మానికి మెత్తదనం ఇస్తుంది, తూకంలో చిన్న తేడా వచ్చినా కాపాడుతుంది. అంటే సోడా 76 గ్రాములు, నీళ్లు 160 గ్రాములు. వేప సబ్బు కావాలంటే వేరుశనగనూనెలో 50 గ్రాములు తగ్గించి ఆ మేర వేపనూనె పోయండి. ఈ రెండిటి లెక్కలూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి సోడా మార్చనక్కర్లేదు. అంతకుమించి వేపనూనె వేస్తే ఆ వాసన స్నానం తర్వాత తువ్వాలుకు కూడా పడుతుంది.

నీళ్లతో సహా అన్నీ తూకంతోనే తీసుకోవాలి. కప్పులు, గ్లాసులు, చెంచాల కొలత వద్దు. 1 గ్రాము తేడా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తూకం చాలు.

మన జిల్లాలో వేరుశనగనూనె బాగా దొరుకుతుంది కదా, అంతా అదే వాడకూడదా?

చిత్తూరు వైపు చాలామంది అడిగే ప్రశ్న ఇది. వేరుశనగనూనె ఒక్కదానితో చేస్తే సబ్బు మెత్తగా ఉంటుంది, నురుగు తక్కువ, తొందరగా కరిగిపోతుంది. పైగా కొన్ని నెలలకే పాడైన నూనె వాసన వచ్చి, మీద నారింజ రంగు మచ్చలు పడతాయి. నూనెల్లో అది ఐదో వంతు దాటనివ్వకండి. గట్టిదనానికీ, నురుగుకూ కొబ్బరినూనె ఉండాలి. అలాగని సగానికి మించితే కొందరికి చర్మం పొడిబారుతుంది. ఆముదం కొంచెం చాలు, నురుగు నిలబడుతుంది.

ఏ గిన్నెలు వాడాలి?

స్టెయిన్‌లెస్ స్టీలు, లేదా వేడి తట్టుకునే గట్టి ప్లాస్టిక్. అల్యూమినియం అసలు వద్దు, హిండాలియం కూడా అల్యూమినియమే. సోడా దాన్ని తినేస్తుంది, మంట అంటుకునే హైడ్రోజన్ వాయువు బుసబుసమని పొంగుతుంది. అచ్చులుగా ఇడ్లీ ప్లేట్లు బాగుంటాయని పాతవి తెచ్చేవాళ్లున్నారు. అవి చాలావరకు అల్యూమినియంవే. రాగి, ఇత్తడి కూడా వద్దు. గాజు గ్లాసు ఆ వేడికి పగలవచ్చు. సిలికాన్ అచ్చులు, లేదా బటర్ పేపర్ పరిచిన చెక్కపెట్టె మంచివి. కడిగి ఆరబెట్టిన జ్యూస్ ప్యాకెట్లలో రేకు పొర ఉంటుంది కాబట్టి లోపల కవర్ పరిస్తేనే వాడండి. సబ్బుకు వాడిన గిన్నెలు, గరిటెలు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

చేసే పద్ధతి వరుసగా చెప్పండి.

పిల్లలు స్కూలుకు వెళ్లిన టైమ్ చూసుకోండి. పొడుగు చేతుల చొక్కా, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకోండి. చదువుకునే కళ్లద్దాలు సరిపోవు, పక్కలు కూడా మూసి ఉండేవి కావాలి. కాళ్లకు చెప్పులు ఉండాలి. గాలి ఆడే చోట కూర్చోండి.

తూచిన నీళ్లను స్టీలు గిన్నెలో పోసి, అందులో సోడాను కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. ఎప్పుడూ నీళ్లలోకే సోడా. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా ఉడికి మీదికి చిమ్ముతుంది. వెయ్యగానే ఘాటైన ఆవిరి వస్తుంది, మొహం పక్కకు తిప్పుకోండి. ముందు మసకగా ఉండి, తర్వాత నీళ్లు తేటపడతాయి. దాన్ని ఎవరూ తగలని చోట చల్లారనివ్వండి. గంట దాకా పట్టవచ్చు.

నూనెలన్నీ ఒక గిన్నెలో కలిపి గోరువెచ్చగా చేయండి. రెండూ సుమారు 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక సోడా నీళ్లను నూనెలో సన్నని ధారగా పోస్తూ కలపాలి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే ఐదు నిమిషాల్లో చిక్కబడుతుంది. కాసేపు తిప్పడం, కాసేపు ఆపడం చేయాలి. కవ్వంతో అయితే గంట కూడా పట్టవచ్చు, కానీ అవుతుంది. మొదట మజ్జిగలా, తర్వాత దోసెపిండిలా మారుతుంది. గరిటె ఎత్తి ధార జార్చినప్పుడు అది వెంటనే మునిగిపోకుండా మీద ముగ్గు గీతలాగా ఒక క్షణం కనబడాలి. అదే గుర్తు, దీన్నే ట్రేస్ అంటారు. ఆ దశలో మూలికల పొడి, సువాసన తైలం కలిపి అచ్చులో పోసేయండి. ఇంకా ఆగితే బజ్జీల పిండిలా గట్టిపడి అచ్చులో సర్దుకోదు.

ఒకటి రెండు రోజులకు గట్టిపడుతుంది. గ్లవ్స్ వేసుకునే బయటికి తీసి ముక్కలు కోయండి. అప్పటికి అది ఇంకా పచ్చి సబ్బు. ఈ కొలతకు సుమారు 100 గ్రాముల ముక్కలు ఆరో ఏడో వస్తాయి.

చేతి మీద సోడా నీళ్లు పడితే?

వెంటనే కొళాయి కింద పెట్టండి. ధారగా పారే నీళ్లతో 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. బట్ట తడిస్తే విప్పేయండి. వెనిగర్, నిమ్మకాయ చర్మం మీద పోయొద్దు, ఆ ప్రయత్నంలో కడగాల్సిన సమయం పోతుంది, గాయం ఇంకా మండుతుంది. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరే ఏర్పాటు చూడండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, గొంతు రెండోసారి కాలుతుంది. సోడా నీళ్లు చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటాయి. అందుకే తాగే గ్లాసులో, నీళ్ల బాటిల్‌లో ఎప్పుడూ, ఒక్క నిమిషం కూడా ఉంచకండి. మిగిలిన సోడాను బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, పేరు పెద్దగా రాసి, తాళం వేసిన చోట పెట్టండి. ఈ మాటలన్నీ భయపెట్టడానికి రాయడం లేదు. రోజూ మరిగే నూనెలో పూరీలు వేసే చేతులకు ఈ జాగ్రత్త పెద్ద కష్టం కాదు.

ఏ మూలికలు వేయవచ్చు? రంగు నిలుస్తుందా?

ఇక్కడే చాలామంది నిరాశ పడతారు. పచ్చి వేపాకు రుబ్బి వేస్తే సబ్బు ఆకుపచ్చగా ఉంటుందనుకుంటారు. పోసిన రోజు బాగానే ఉంటుంది, కొన్ని వారాలకు ఎండుటాకు రంగుకు తిరుగుతుంది. గులాబీ రేకులు గోధుమరంగుకు మారిపోతాయి. పసుపు క్షారం తగలగానే ఎర్రబడుతుంది. కుంకుమ ఎలా చేస్తారో తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు, పసుపులో సున్నం కలిపితే ఎర్రనవుతుంది కదా. సబ్బు మాగేకొద్దీ ఆ ఎరుపు తగ్గి నారింజ, పసుపు మధ్య రంగులో నిలబడుతుంది. మంజిష్ఠ వేరు పొడి మంచి గులాబీ రంగు ఇస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు వేళ్ల నుంచీ, కరక్కాయల నుంచీ రంగులు తీయడం చూసినవాళ్లకు తెలుస్తుంది: ఒకే వేరు, పటిక తగిలితే ఒక రంగు, ఇనుప నీళ్లు తగిలితే ఇంకో రంగు. సబ్బులోనూ అంతే, పొడి రంగు చూసి సబ్బు రంగు ఊహించకండి.

మూలిక వేయడానికి నాకు నచ్చిన పద్ధతి నూనెలో ఊరబెట్టడం. వేపాకు, తులసి, కుప్పింటాకు ఏదైనా సరే, నీడలో గలగలమనేలా ఎండబెట్టాలి. తడి ఉంటే నూనె పాడవుతుంది. ఆ ఆకు నలిపి వేరుశనగనూనెలోనో కొబ్బరినూనెలోనో నెల రోజులు ఉంచి వడకట్టండి. తొందరైతే నీళ్ల గిన్నెలో నూనె గిన్నె పెట్టి సన్న సెగ మీద రెండు గంటలు ఉంచినా సారం దిగుతుంది. వడకట్టాక నూనెను మళ్లీ తూచడం మరవకండి, ఆకు కొంత పీల్చేసుకుని ఉంటుంది.

పొడిగా వేయాలంటే అర కిలో నూనెకు ఒక చెంచా, మహా అయితే రెండు. బాగా జల్లించిన పొడి కావాలి. ముతకగా ఉంటే ఒళ్లు గీసుకుపోతుంది. వట్టివేరు పీచు అందంగా ఉంటుందని సబ్బులో పెట్టేవాళ్లు ఉన్నారు. దాన్ని నీళ్లలో కాచి, ఆ కషాయం చల్లార్చి సోడా కలపడానికి వాడితే మేలు. అయితే అంత క్షారంలో వాసన పెద్దగా మిగలదు.

మూలికల గుణాలు సబ్బులో నిజంగా ఉంటాయా?

కొన్ని. నూనెల్లో సబ్బుగా మారని భాగం కొంత ఉంటుంది, అది మిగులుతుంది. ఆకుల్లో ఉన్న చాలా పదార్థాలు క్షారంలో మారిపోతాయి. పైగా సబ్బు ఒంటి మీద ఉండేది ఒకటి రెండు నిమిషాలు. కాబట్టి తామర, సోరియాసిస్, మొటిమలు ఈ సబ్బుతో పోతాయని ఎవరికీ చెప్పకండి. చర్మ జబ్బు ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ఇంటి సబ్బు మేలు ఇంకోచోట ఉంది: పుట్టిన గ్లిజరిన్ అంతా అందులోనే ఉంటుంది, కొంచెం నూనె మిగిలి ఉంటుంది, ఏమేం వేశామో మనకు తెలుసు. నాకు ఇది చాలు.

ఎర్రచందనం పొడి వేయవచ్చా?

శేషాచలం కొండల కింద ఉంటూ ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. చెట్టు సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అడవి నుంచి తెచ్చిన చెక్క కొనడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. తెలిసినవాళ్లు ఇచ్చారని కూడా తీసుకోకండి. బిల్లు ఇచ్చే మూలికల కొట్లో రక్తచందనం పేరుతో పొడి దొరికితే ఒక చెంచా వేసుకోవచ్చు, ముదురు రంగు వస్తుంది. నేనైతే మంజిష్ఠతోనే సరిపెట్టుకుంటాను.

మా బోరు నీళ్లకు సబ్బు నురుగు రాదు. ఇంటి సబ్బు పనిచేస్తుందా?

కొళాయిల మీద తెల్లటి పెచ్చులు కట్టే నీళ్లైతే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు ముందు వాటితో కలిసి తెల్లటి జిడ్డు తెట్టుగా మారుతుంది, బకెట్ అంచున కనిపించేది అదే. ముందుగా, సబ్బు తయారీకి బోరు నీళ్లు వాడొద్దు, డిస్టిల్డ్ వాటర్ గానీ ఆర్వో నీళ్లు గానీ తీసుకోండి.

రెండోది నిమ్ముప్పు, అంటే సిట్రిక్ ఆసిడ్. అర కిలో నూనెకు 10 గ్రాముల నిమ్ముప్పును ముందే నీళ్లలో కరిగించి, ఆ తర్వాత సోడా వేయాలి. ఈ పులుపు కొంత సోడాను తినేస్తుంది కాబట్టి దానికి 6 గ్రాములు అదనంగా వేయాలి. అంటే పై కొలతలో 76 బదులు 82. రెండూ కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది, అది నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుని తెట్టు తగ్గిస్తుంది. నేను ఇది మొదలుపెట్టాక బాత్‌రూమ్ గోడ తోమే పని సగం తగ్గింది. లెక్క లేకుండా నిమ్మరసం పిండడం మాత్రం వద్దు, సోడా తగ్గిపోయి సబ్బు మెత్తబడుతుంది.

ఎన్నాళ్లు ఆరబెట్టాలి?

నాలుగు నుంచి ఆరు వారాలు. మామిడికాయ కోసిన రోజే పండు కాదు, సబ్బూ మాగాలి. సబ్బుగా మారడం మొదటి ఒకటి రెండు రోజుల్లో చాలావరకు అయిపోతుంది. మిగతా వారాల్లో నీరు పోయి ముక్క గట్టిపడుతుంది, వాడకంలో మృదువవుతుంది, తొందరగా అరగదు. వెదురు తట్టలో బటర్ పేపర్ పరిచి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, వారానికోసారి తిప్పండి. నేనైతే ఒక ముక్క మీద తేదీ గీసి, దాన్ని వారం వారం తూస్తాను. రెండు వారాలు బరువు మారకపోతే సిద్ధమైనట్టే.

ఎండలో పెడితే తొందరగా ఆరదా?

వద్దు. మన మే నెల ఎండలో నూనె కారిపోతుంది, మచ్చలు పడతాయి. నీడ, గాలి కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. ముసురు పట్టిన రోజుల్లో సబ్బు మీద చెమట బిందువులు కనిపిస్తాయి. అది సోడా కాదు, గ్లిజరిన్ గాల్లో తేమను లాగడం. తుడవకండి, ఫ్యాన్ వేసి వదిలేయండి. నా మట్టుకు ఫిబ్రవరి నెల ఈ పనికి బాగా కుదురుతుంది.

పాలు పోసి చేయవచ్చా?

చేయవచ్చు, కానీ మొదటిసారే వద్దు. ఆవుపాలు, మేకపాలు ఏవైనా నీళ్ల బదులు తూచి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఆ గడ్డల మీద సోడాను చాలా నెమ్మదిగా చల్లాలి. లేకపోతే పాలలోని చక్కెర మాడి ముదురు గోధుమరంగు, ఒక చెడ్డ వాసన వస్తాయి. పోశాక కూడా వేడి పుడుతుంది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మేకపాల సబ్బు పోసి, అలవాటుగా తువ్వాలు చుట్టిపెట్టాను. అరగంట తర్వాత చూస్తే మధ్యలో పగిలి, పాలు పొంగినట్టు అచ్చు దాటి బల్ల మీదికి వచ్చేసింది. ఎండాకాలంలో పాల సబ్బుకు ఏమీ చుట్టొద్దు, ఫ్రిజ్‌లో పెట్టండి.

సబ్బు సరిగా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మూడు నాలుగు రోజుల తర్వాత తడి వేలితో సబ్బును రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు తాకించండి. సబ్బు రుచి వస్తే సరే. కరెంటు కొట్టినట్టు చురుక్కుమంటే సోడా మిగిలింది, వెంటనే నోరు కడుక్కోండి. వారం ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఒంటికి వాడకండి. నాలుకతో వద్దనుకుంటే ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే ద్రవం) చుక్క వేయండి, ముదురు గులాబీ రంగు వస్తే అనుమానించాలి. మీద పలుచని తెల్లపొడి తేలితే భయం లేదు, అది సోడా గాలితో కలిసి ఏర్పడిన పొర, గీకేస్తే పోతుంది. మధ్యలో నీటి గుంటలు, తెల్ల గడ్డలు ఉంటే మాత్రం ఆ సబ్బు వద్దు.

కొత్త సబ్బు ఏదైనా ముందు మోచేతి లోపలివైపు రాసి కడిగి, ఒక రోజు చూడండి.

పసిపిల్లలకు వాడవచ్చా?

నేను వాడను. సబ్బు ఎంత బాగా చేసినా క్షారగుణం ఉంటుంది, పసివాళ్ల చర్మం పలుచన. పచ్చకర్పూరం వేస్తే లడ్డూ వాసన వస్తుందని కొందరు అడుగుతారు. కర్పూరం చిన్నపిల్లలకు విషం. పిల్లలున్న ఇంటి సబ్బులో అది వేయకండి.

చేసి అమ్ముకోవచ్చా?

డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఇంటికి, చుట్టాలకు ఇచ్చుకోవడం వేరు, అమ్మడం వేరు. సబ్బు మన చట్టంలో కాస్మెటిక్ కిందికి వస్తుంది. అమ్మకానికి తయారు చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి, లేబుల్ మీద రాయాల్సినవి రాయాలి. జబ్బులు తగ్గిస్తుందని ప్రచారం చేయడం ఇంకో చట్టానికి కూడా విరుద్ధం. డబ్బు పెట్టకముందే వెళ్లి కనుక్కోండి. కనీసం ఏడాది పాటు ఇంటికే చేసి, నాలుగు కాలాల్లో మీ సబ్బు ఎలా ఉంటుందో చూడండి.

వాడిన నూనెతో?

వడలు వేయించిన నూనెతో బట్టల సబ్బు చేసుకోవచ్చు, బాగా వడకట్టాలి. ఒంటికి వద్దు, వాసన పోదు.

మిగిలిపోయిన చిన్న ముక్కలు?

సన్నగా తురిమి దాచుకోండి. తర్వాతి విడత చిక్కబడ్డాక గుప్పెడు కలిపితే కోసినప్పుడు చుక్కల చుక్కలుగా కనిపిస్తుంది. మా ఇంట్లో పిల్లలు ముందు అడిగేది ఆ ముక్కే.